ముందే పెట్టిన కృతజ్ఞత కూడిక

"అమ్మమ్మా, ఉస్ దిన్ ఘర్ మే క్యా హువా థా?" అంటావేందే జెస్సీ! ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో నాకే సరిగ్గా తెలిస్తేగా నీకు చెప్పడానికి. ఆ ఫోను మొహం మీద పెట్టబాకు. దిండు మీద పెట్టు. రికార్డు అవుతుందా? సరే, విను.

గడ్డ సంగతి నీకు తెలుసు గదా. ముందు చంకలో తగిలింది... కాదు, రొమ్ములోనే, ఎడమ పక్క. చూడు, ఈ ఢిల్లీలో ముప్పై ఏళ్లు నర్సుగా చేశా, ఎంతమందికి సూదులేశానో, నా గడ్డ ఎక్కడుందో చెప్పడానికి తడబడతన్నా.

ఆపరేషన్ అన్నప్పటి నుంచి మన మయూర్ విహార్ తెలుగు చర్చి సంఘం ఆడోళ్లు నన్ను ఒక్క పూట వదల్లేదమ్మా. శుక్రవారం వస్తే ఉపవాస ప్రార్థన. ఆస్పత్రికి ఒకరు గంజి తెస్తే ఒకరు చారన్నం. మార్తమ్మ అయితే రోజూ. మేమిద్దరం నర్సింగు హాస్టల్లో ఒకే గది, బాపట్ల వైపునుంచి ఒకే రైల్లో వచ్చాం. అప్పుడు బస్సు టిక్కెట్టు పావలానో, అర్ధో... ఏం చెప్తన్నా? ఆ, ఆపరేషన్.

డాక్టరమ్మ బయటికొచ్చి గడ్డ మొత్తం తీసేశాం అంది. మీ నాన్న సంతోషం పట్టలేక సంఘం వాట్సాప్‌లో పెట్టేశాడు, అత్తయ్యకి గడ్డ మొత్తం పోయింది, దేవునికి స్తోత్రం అని. అబద్ధం కాదు, పాపం. కానీ అందరూ జబ్బే పోయిందనుకున్నారు. ఆదివారం పాస్టరు గారు ప్రకటించేశారు, శనివారం సాయంత్రం మనింట్లో కృతజ్ఞత కూడిక అని. మనోళ్లలో అంతే గదా, బాగుపడ్డోళ్లు అందర్నీ పిలిచి, దేవుడేం చేశాడో సాక్ష్యం చెప్పి, భోజనం పెట్టాలి.

శనివారం పొద్దున కుట్లు చూపించుకోవడానికి వెళ్లామా, అప్పుడు చెప్పింది డాక్టరమ్మ, చంకలోకి పాకిందమ్మా, కీమో ఎక్కించాలి, సోమవారం రండి అని. మీ అమ్మా నేనూ ఆటో ఎక్కి ఇంటికొచ్చాం. సాయంత్రానికి గుమ్మం బయట ఇన్ని చెప్పులు. లోపల కంజీర, పాటలు, వంటింట్లో బిర్యానీ వాసన. మీ అమ్మ చెప్పేద్దామని నోరు తెరిస్తే నేనే చెయ్యి పట్టుకుని ఆపా. ఎందుకాపానంటే ఏం చెప్పను? ఇప్పటికీ తెలీదు.

పైగా వసంత్ కుంజ్ నుంచి ఒకావిడ వచ్చింది, పేరు గుర్తులేదు, మంచి మనిషేలే. నా చెవి దగ్గరకొచ్చి, దేవుడు ముట్టుకున్నాక ఇంక మందులు మింగడం అవిశ్వాసం సిస్టర్, అంది. సోమవారం వెళ్తే అవిశ్వాసం. వెళ్లకపోతే చస్తా, ఆ సంగతి నర్సుని గాబట్టి నాకు తెలుసు. మరి వీళ్ల ఉపవాసాలన్నీ ఏమైనట్టు? దేవుడు విన్నాడా, వినలేదా? చచ్చే భయమేసిందే తల్లీ.

అంతలో పాస్టరు గారు, సాక్ష్యం చెప్పమ్మా, అన్నారు. నిలబడ్డా. తలకాయలో ఒక్క వచనం లేదు. అందరూ నా మొహంలోకే చూస్తన్నారు. చివరికి నా నోట్లోంచి ఏమొచ్చిందనుకున్నావు? "గడ్డ పోయింది గానీ జబ్బు పోలేదంట. సోమవారం కీమో. బాగుపడ్డానో లేదో నాకు తెలీదు. వెళ్లాలో వద్దో కూడా తెలీదు" అన్నా. అంతే. వసంత్ కుంజ్ ఆవిడ తల దించేసుకుంది.

అప్పుడు మార్తమ్మ ఉల్లిపాయల చేతులతోనే వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏందే ఆ మొహం? సోమవారం పొద్దున నేనొస్తా. విశ్వాసంతో పోతున్నావో అవిశ్వాసంతో పోతున్నావో దారిలో తేల్చుకుందాం. ముందు కూర్చో, బిర్యానీ చల్లారిపోద్ది" అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చినాయి. ఇంకొకావిడ, వచ్చేసారి నేను అంది. ఆ పైసారి నేను అని ఇంకొకామె. పాపం పాస్టరు గారు కృతజ్ఞత ప్రార్థనకి సిద్ధపడి వచ్చారా, ఆయనకీ ఏం చెయ్యాలో తోచలా. స్తోత్రం ప్రభువా అని మొదలెట్టి, కనికరించు ప్రభువా అని ముగించారు.

ఇంకేముంది, సోమవారం వెళ్లా. జుట్టంతా ఊడింది, చూస్తన్నావుగా. రేపు మళ్లీ ఎక్కిస్తారు. మార్తమ్మ పొద్దున్నే కింద గేటు దగ్గర నిలబడి, ఇంకా తెమల్లేదా అని ఫోనులో తిట్టిద్ది. ఇద్దరం మెట్రోలో అదే వాదన, విశ్వాసమా అవిశ్వాసమా అని. ఇంతవరకూ తేలలా. తేలేలోపు స్టేషనొచ్చిద్ది, దిగిపోతాం.

ఏందే, అట్టా చూస్తన్నావు? అమ్మమ్మకి తగ్గిందా లేదా అనేగా? ఏమో తల్లీ. అవునూ, పడుకునే ముందు నాకోసం ప్రార్థన చేస్తన్నావంట, మీ అమ్మ చెప్పింది. ఏమని చేస్తన్నావు, థాంక్యూ అనా, ప్లీజ్ అనా? రెండూ అను. ఏది వింటాడో ఆయనిష్టం.

ఇట్టా దగ్గరికి రా. తల వంచు. ఆ పక్క చెయ్యి పైకి లేవదు, ఇటు రా. చల్లగా ఉండు నా తల్లీ. నీ పెళ్లికి నేను... ఉంటాలే. ఉంటాననే అనుకుంటున్నా. ఏడవబాకు, ఆ ఫోను ఆపు.