యాభై నిమిషాల దూరం

"మూడొందల పది కిలోమీటర్లు, యాభై నిమిషాలు అని బోర్డు మీద రాస్తారు గానీ, అదంతా చేతగానివాళ్ళ లెక్కరా! నేను నలభైలో దిగాను."

ఎయిర్‌పోర్టు గేటు బయట టీకొట్టు బెంచీ మీద కూర్చుని కోతలు మొదలెట్టాడు బాబాయి. విమానాల్లో ముప్పై ఏళ్ళు సామాను ఎక్కించి, మొన్ననే రిటైరయ్యాడు. ఇంట్లో మాట్లాడే మనిషి లేక రోజూ ఇక్కడికే వస్తాడు.

"నలభయ్యా! ఎలా?" అన్నాడు టాక్సీ డ్రైవరు.

"కిటుకంతా బరువు సర్దడంలో ఉంది. రిటైరయ్యాక మొదటిసారి విమానం ఎక్కానా, ఊరుకోబుద్ధి కాక పెట్టెలన్నీ నేనే సర్దాను. బాణంలా లేచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైలట్ పరుగెత్తుకొచ్చి, 'గురువుగారూ, కాస్త ముందుకొచ్చి కూర్చోండి' అన్నాడు. నేను ముందుకు వంగానో లేదో, నలభై కూడా కాదు, ఇరవై నిమిషాల్లో అవతల ఎయిర్‌పోర్టు! మేం దిగి ఒళ్ళు విరుచుకుంటుంటే, విమానం నీడ అప్పుడే ఆయాసపడుతూ వచ్చి చేరింది."

"నీడకి టికెట్ తీశావా బాబాయ్?" టీకొట్టాయన నవ్వాడు.

"నవ్వు, నవ్వు! అసలు సంగతి విను. లోపలికెళితే, మా విమానం ఇంకా బయల్దేరనే లేదని మైకులో చెబుతున్నారు! ఒళ్ళు మండి ఇక్కడికి ఫోన్ కొట్టా. ఎత్తిందెవరనుకున్నావ్? నేనే! 'ఒరేయ్, తొందరగా బయల్దేరు, అక్క నీకోసం ఇక్కడ గేటు దగ్గరికొచ్చి నిలబడింది' అని నన్ను నేనే కేకలేశాను."

"అక్క ఏమంది మరి?" అడిగాడు డ్రైవరు.

బాబాయి గ్లాసులోకి చూశాడు.

"ఏమంటుంది... 'అప్పుడే వచ్చేశావేంట్రా' అంది. అన్నం పెట్టింది. పక్కనే కూర్చుని, ఇంకాస్త వేసుకో, ఇంకాస్త వేసుకో అంటూ..."

టికెట్ కౌంటరు అమ్మాయి అప్పటిదాకా పక్కనే నిలబడి టీ తాగుతోంది. గ్లాసు కింద పెట్టింది.

"బాబాయ్, ఆరోజు నీ సీటు ఖాళీగా వెళ్ళింది. మూడుసార్లు మైకులో నీ పేరు పిలిచింది నేనే."

డ్రైవరు నవ్వబోయి ఆగిపోయాడు.

"విమానం మెట్ల దాకా వెళ్ళానమ్మా," అన్నాడు బాబాయి. "బావ పోయినప్పుడు వెళ్ళలేదు. ఏదో పాత మాట పట్టుకుని, పంతానికి. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఎక్కను?"

"మీ అక్క ఆరోజు కౌంటరుకి ఫోన్ చేసింది బాబాయ్. చివరి మనిషి దిగేదాకా నిలబడిందట. ఇంతకీ ఎంతసేపు ప్రయాణమమ్మా అని అడిగింది. యాభై నిమిషాలండీ అన్నాను."

"ఏమంది?"

"'అంతేనా? తొమ్మిదేళ్ళు రాకపోతే, చాలా దూరమేమో అనుకున్నాను' అంది."

బేరం తగిలి డ్రైవరు లేచాడు. టీకొట్టాయన స్టవ్ వైపు తిరిగాడు. ఆ అమ్మాయి మాత్రం కదల్లేదు.

"ఆవిడ మళ్ళీ ఫోన్ చేస్తే ఏం చెప్పమంటావ్ బాబాయ్?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. పాత జోరు తెచ్చుకోబోయాడు, రాలేదు.

"ఎదురుగాలి ఎక్కువగా ఉందని చెప్పమ్మా," అన్నాడు.