ఖాళీ మిషన్ల మీద కూర్చున్న మనిషి

డాక్టరు రాసిచ్చిన ఆ పరీక్ష చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో తోసేస్తున్నావేంటే? తీరిక చూసుకుని వెళ్తావా? బాగుంది. మీ అమ్మమ్మదీ ఇదే వరస. నా సొంత చెల్లెలే గానీ, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు. కూర్చో, టీ తాగి పోదువుగాని.

చొక్కాల ఫ్యాక్టరీలో మా లైనుకి అదే సూపర్‌వైజరు, నేనేమో కాజాలు కుట్టేదాన్ని. ఓ రోజు డాక్టరమ్మ వ్యానేసుకుని గేటు దగ్గరికొచ్చింది. గర్భసంచి ముఖద్వారంలో ఏదో వైరస్ చేరుతుందట, కొందరికి అదే ముదిరి క్యాన్సరవుతుందట, పరీక్ష చేస్తాం రండమ్మా అంది. ఒక్కతి లేస్తే ఒట్టు. సిగ్గు. పైకి మాత్రం "పని ఆగిపోతుందక్కా" అని సాకు. మీ అమ్మమ్మ ఊరుకుంటుందా? "లేవండే, మీ మిషను మీద నేను కూర్చుంటా" అంది. ఒకర్ని పంపడం, ఆమె వచ్చేదాకా ఆ కాలర్లు కుట్టడం, మళ్లీ పక్క మిషను. అలా లైనంతా తిప్పింది. నన్నైతే రెక్క పుచ్చుకుని లేపింది. మూతి ముడుచుకునే వెళ్లాననుకో. అయిదు నిమిషాల పని, దానికెంత రాద్ధాంతం.

తన వంతొచ్చేసరికి, "నాకెందుకక్కా, ఆయన పోయి తొమ్మిదేళ్లయింది" అంటుంది. మొగుడు లేనిదానికి ఆ జబ్బు రాదని ఎవరు చెప్పారో దానికి. వైరస్ ఎప్పుడో కాపురం చేసిన రోజుల్లోనే అంటుకుని ఏళ్లకేళ్లు చప్పుడు చెయ్యకుండా పడుంటుందట, మూడేళ్ల తర్వాత పెద్దాసుపత్రిలో చెప్పారు. "ముందే చూపిస్తే నయం చేసేవాళ్లమమ్మా" అన్నాడా డాక్టరు. అప్పుడు చెప్పి ఏం లాభం? ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపిస్తే మాతో అనొద్దూ? ఎనిమిది నెలలు దాచింది. మొండిఘటం.

ఏంటి? ఆ రోజు దాన్నెవరూ లేపలేదా అంటావా?

లేచిందే. డాక్టరమ్మ లోపలికొచ్చి పిలిస్తే లేచింది. చెప్పులు కూడా వేసుకుంది. నేనే... "మొగుడు పోయినదానివి, ఆ వ్యానెక్కితే గేటు దగ్గర మగాళ్లేమనుకుంటారే" అన్నాను. చెప్పులు విడిచి మళ్లీ కూర్చుంది. ఒక్క మాటన్లేదు నన్ను, పోయేదాకా.

టీ చల్లారిపోయింది, వదిలెయ్. చీటీ బయటికి తియ్యి. నా చెప్పులెక్కడున్నాయో చూడు.