మైనపు మొగుడు

బ్రెటన్ తీరానికి పడమటి చివర, గాలికి చెట్టన్నది నిలవని దీవి. దీపస్తంభం దగ్గర, కొండ అంచు దారిలో సోయిజిక్ దారి చూపిస్తూ ముందు నడుస్తోంది. మధ్యాహ్నం పడవలో దిగిన యాత్రికుడు ఆవిడ వెనకాలే వస్తూ వస్తూ ఆగిపోయాడు.

“ఆగారేం, అయ్యగారూ? ఫొటో కావాలంటే ఇక్కణ్ణుంచే తీసుకోండి. ఆ గడ్డి మీద మాత్రం కాలు పెట్టకండి.”

“సోయిజిక్...”

“కింద నేల ఉందనుకుంటారు. లేదు. అడుగు మట్టంతా సముద్రం ఎప్పుడో తినేసింది. పైన ఉత్త గడ్డి చాపలా వేలాడుతోంది. మా గొర్రెలకి తెలుసు. వచ్చే పోయే వాళ్ళకే తెలీదు.”

“సోయిజిక్, నేనే. జిల్దాస్‌ని. ఒక్కసారి నా మొహం చూడు.”

“అదిగో, ఎడం వైపు నల్లటి రాళ్ళు. కుక్కపళ్ళు అంటాం. ఎన్ని పడవల్ని కొరికాయో!”

“నీ మొగుణ్ణే!”

“ఏమండోయ్, నోరు జాగ్రత్త. మా ఆయన చర్చి పెరట్లో పడుకుని ఉన్నాడు.”

“అక్కడున్నది మైనం.”

“మైనమే. శవం దొరక్కపోతే మైనంతో వేలెడంత సిలువ చేసి, అదే మనిషనుకుని సాగనంపుతాం. తెల్లగుడ్డ పరిచి, బల్ల మీద పెట్టి, ఊరంతా కూర్చుని తెల్లార్లూ ఏడ్చాం. పై ఊరివాళ్ళు, మీకేం తెలుస్తుంది లెండి.”

“నాకు తెలీదా? మా నాన్నకి సిలువ చేసింది నేను కాదూ?”

“అయ్యో పాపం! మీ వైపు కూడా ఉందా ఈ ఆచారం? ఏ ఊరండీ మీది?”

“చంపకే. తిట్టు, కొట్టు, చెప్పు తీసుకో. ఆ ‘మీరు’ మాత్రం అనకు.”

“ముక్కూ మొహం తెలీని మనిషిని ‘నువ్వు’ అంటే బాగుంటుందా?”

“ఆ పడవ నేను ఎక్కలేదు సోయిజిక్. బ్రెస్త్ రేవులో తాగి పడిపోయాను. లేచేసరికి మునిగిందన్నారు. ఒక్కడూ మిగల్లేదన్నారు. ఏ మొహం పెట్టుకుని రాను? రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ...”

“రేపు రేపంటుంటే చంకలో పిల్ల పెళ్ళీడుకొచ్చింది. బాగుంది కథ. ఇన్నాళ్ళూ ఒంటరిగానే అనుకున్నారా, పక్కన ఎవరైనా ఉన్నారా?”

“ఉండేది. పోయింది.”

“ఓహో! వండిపెట్టే దిక్కు లేక దీవి గుర్తొచ్చిందన్నమాట.”

“అది కాదు... అమ్మ... అమ్మ లేదని రేవులో చెప్పారు. ఎలా పోయింది?”

“మా అత్తగారి సంగతా? కిటికీ దగ్గర్నుంచి కదిలేది కాదు. ‘మైనాన్ని సాగనంపాం కదత్తా’ అంటే నా మొహాన ఉమ్మేది. ఓ రోజు మీలాంటి యాత్రికుడెవడో మంచినీళ్ళకని తలుపు కొట్టాడు. కొడుకొచ్చాడనుకుని సంబరంగా లేచింది, పడింది. మళ్ళీ లేవలేదు.”

“అమ్మా...”

“ఏడవకండి. ఈ గాలికి కళ్ళు మండుతాయి, ఇక్కడికొచ్చిన వాళ్ళందరికీ అంతే.”

“నోల్వెన్‌ని చూపించు. దూరం నుంచి చూసి పోతా. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“అదేం కొండా, దీపస్తంభమా, చూసి పోవడానికి? అది నా కూతురు.”

“నాక్కూడా...”

“సముద్రం ఏ శవాన్ని ఒడ్డున పడేసినా పరిగెత్తేదండీ ఆ పిల్ల. పాలపళ్ళు కూడా ఊడలేదు అప్పటికి. ఉబ్బిపోయిన మొహాలు తన చేత్తో తిప్పి చూసేది, నాన్నేమోనని. ఎముకలైనా దొరికితే సమాధిలో ఆ మైనం తీసేసి వాటిని పెడతానని పునీత అన్నమ్మకి మొక్కుకుంది. ఇప్పటికీ పరిగెడుతుంది.”

“దేవుడా... దేవుడా...”

“దాని దృష్టిలో తండ్రి వీరుడు. తోటివాళ్ళని కాపాడబోయి మునిగాడని నేనే చెప్పా. అదిగో, అదే వస్తోంది. దమ్ముంటే చెప్పండి, తాగి పడిపోయానని.”

“అమ్మా! పడవ కదిలే వేళయింది. రేవులో మనిల్లు ఎక్కడని అడిగింది ఈయనేనా?”

“ఈయనేనే నోల్వెన్. ఎవరో, ఏం పనో నువ్వే అడుగు.”

“ఎవరండీ మీరు?”

“నేను... నేను...”

“చెప్పండయ్యా. ఇందాకటిదాకా నోరు బాగానే ఆడిందే!”

“యాత్రికుణ్ణి తల్లీ. తీరం చూడ్డానికి వచ్చా. అంతే.”

“బాగుందా?”

“చాలా బాగుంది.”

“మా నాన్న ఈ సముద్రంలోనే పోయాడు. అమ్మ చెప్పే ఉంటుంది.”

“చెప్పింది. గొప్పవాడట.”

“గొప్పవాడే. నాయనమ్మ మంచం పైన గోడకి ఆయన ఫొటో ఉంటుంది. పొద్దున్నే లేచి దాన్ని తుడిచేది నేనే. కళ్ళు మూసుకున్నా ఆ మొహంలో ప్రతి గీతా కనిపిస్తుంది. ఏదీ, మీ ఫోన్ ఇలా ఇవ్వండి. ఫొటో తీస్తా.”

“ఎందుకులే తల్లీ...”

“తల్లీ అంటూనే నా మాట కాదంటారేం? అలా నిలబడండి, దీపస్తంభం కూడా పడాలి. కాస్త వెనక్కి.”

“ఒసే నోల్వెన్, అటు కాదే! ఆ గడ్డి...”

“నాకు తెలుసమ్మా. నువ్వుండు. ఇంకాస్త వెనక్కండీ. నవ్వండి, ఏడుపు మొహమేంటి!”

“ఇక్కడ చాలా తల్లీ?”

“చాలదు.”

“జిల్దాస్! ఆగు! నీకు తెలుసు కదరా అక్కడ నేల లేదని! జిల్దాస్!”

“పిలిచావా సోయిజిక్... పేరు పెట్టి పిలిచావు...”

“అటు చూడకండి, ఇటు నన్ను చూడండి. ఆఁ, అలా. ఇంకొక్క అడుగు వెనక్కెయ్యి నాన్నా, నా మొక్కు తీరిపోతుంది.”