బెల్లు కూడా తాళంలో పడింది

సింథసైజర్ కొనే మనిషి సాయంత్రం వస్తానన్నాడు. దాన్ని అట్టపెట్టెలో సర్దేముందు, చివరిసారిగా ల్యాప్‌టాప్‌కి తగిలించి కూర్చున్నాడు మొగుడు. అదే గదిలో, పెళ్లాం కుట్టుమిషన్ మీద చొక్కా కాలరు కుడుతోంది.

“ఏయ్, ఆపకు! తొక్కు, తొక్కు!”

“అయ్యో, మైకు ఆన్‌లో ఉందా? చూసుకోలేదండీ, ఆపేశాను.”

“ఆపొద్దనే కదా మొత్తుకుంటున్నా! ముందు ఇది విను.”

“టకటక, టకటక, కీచ్! మన మిషనే కదూ?”

“మన మిషనే! ఆ కీచుని సాఫ్ట్‌వేర్‌లో పట్టి, ఈ మెట్లకి కట్టాను. ఒకటి నొక్కు.”

“అమ్మో! పిల్లి పాట కచేరీలా ఉంది! ఇంకోటి నొక్కనా?”

“అన్నీ నొక్కు! ఎన్ని వాయిద్యాలు కొన్నా, ఎన్ని సాఫ్ట్‌వేర్లు మార్చినా, నా పాటకి ప్రాణం రాలేదే! ఈ చప్పుడు ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చింది?”

“మీరు రికార్డింగ్ అన్నప్పుడల్లా, మీకు అడ్డమని నేనే మిషన్ ఆపేసేదాన్ని.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఆవిడకే నవ్వు ఆగలేదు. కాలరు జారి కిందపడింది. అంతలో వీధి తలుపు దగ్గర బెల్లు మోగింది.

“ఆ కొనే ఆయన వచ్చేశాడే! ఇప్పుడేం చెప్పను?”

“మీరు రికార్డు నొక్కండి, నేను చెప్తా. బాబూ, సింథసైజర్ అమ్మట్లేదు! ఆ బెల్లు మాత్రం ఇంకోసారి కొట్టు నాయనా, సరిగ్గా తాళంలో పడింది!”