బస్టాండులో మాట్లాడిన మనిషి

ఆత్మకూరులో ఒక వంటింట్లో జొన్నరొట్టె కాలుతోంది. విడాకులయ్యాక కొడుకు రంజిత్‌ను వెంటబెట్టుకుని ఈ ఇంటికి రెండో భార్యగా వచ్చిన ఆమె, కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన భర్త కూతురిని నిలదీసింది.

“వనపర్తి బస్టాండుల ఎవరితోని మాట్లాడినవ్ పిల్లా?”

“ఎవరు చెప్పిన్రు చిన్నమ్మా?”

“పక్కింటి కిష్టమ్మ చూసింది. పెద్ద మనిషట, నీకు చాయ్ గిట్ల ఇప్పిచ్చిండట. మీ నాయనకు చెప్పాల్నా?”

“చెప్పకు. నాయన కొట్లాటకు పోతడు.”

“అంటే ఏదో ఉన్నట్టే. ఎవడు వాడు?”

“రంజిత్ వాళ్ళ నాయన.”

ఆమె చేతిలో రొట్టె అట్లాగే ఉండిపోయింది.

“నా కొడుకును తీస్కపోతనన్నడా?”

“తమ్ముని మాటే ఎత్తలే. నీ గురించే చెప్పిండు.”

“ఏం చెప్పిండు?”

“మీ చిన్నమ్మ ఏ ఇంట్ల నిలువదు, మీ నాయనను గూడ ఇడిసి పోతదన్నడు.”

“నువ్వేమన్నవ్?”

“ముందు నువ్వు చెప్పు. పోతవా?”

ఆమె స్టవ్ ఆపింది.

“వాని దెబ్బలు తినలేక బయటికొచ్చిన. మీ నాయన నా మీద చెయ్యెత్తేటోడు కాదు. నేనెందుకు పోత?”

“నేను గూడ పోదనే చెప్పిన.”

“మల్ల నన్నెందుకు అడుగుతున్నవ్?”

“మా అమ్మ దవాఖానకు పోయేటప్పుడు, తొందరగనే వస్తనన్నది. మల్ల రాలే. అందుకే.”

 ఆమె పీట జరిపింది.

“నేను ఏడికి పోయినా నిన్ను తోల్కనే పోత బిడ్డా. కూసో, తిను.”