బ్రేకులకు ఢోకా లేదు

పాత కార్ల షెడ్డులో ఆవిడ ఓ చిన్న కారెక్కి, సీటుబెల్టును చివరిదాకా లాగి చూసింది. కొసన బురద చార కనిపించింది.

"వరదలో మునిగిన బండా ఇది?"

"అబ్బే, అదేం లేదమ్మా. మా అమ్మాయికైనా ఇదే ఇస్తాను," అన్నాడు షెడ్డు యజమాని.

"మా తమ్ముడికీ ఇదే మాట చెప్పి ఎర్ర కారు అంటగట్టారు. మలుపులో బ్రేకులు పడలేదు. వాడు ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తున్నాడు."

"నేనిచ్చినప్పుడు బానే ఉందమ్మా. దాని బ్రేకులకు ఢోకా లేదు. ఇప్పుడెక్కడుంది ఆ కారు?"

"రంగు వేయించి మీ అల్లుడికి అమ్మేశాను. మీ షెడ్డు బండే అని చెప్పాను. మామగారి మీద నమ్మకంతో బానెట్ కూడా ఎత్తి చూడలేదు పాపం. పొద్దున మీ అమ్మాయి అందులోనే ఆఫీసుకు బయల్దేరింది."

అతను గబుక్కున జేబులోంచి ఫోను తీశాడు. "ఆ బండికి బ్రేకులు సరిగ్గా పడవమ్మా."

"ఇప్పుడే కదా ఢోకా లేదన్నారు."

అతను ఫోను చెవికి ఆనించుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఆవిడ బెల్టును నెమ్మదిగా వదిలింది. కొత్త బ్రేకులు వేయించాకే ఆవిడ ఆ కారు అమ్మింది. ఆ ముక్క మాత్రం అతనికి ఇప్పుడప్పుడే చెప్పదలచుకోలేదు.