మూడో గేటు దగ్గర నిలబడిన మనిషి

బెర్నిస్ పెద్దమ్మా, రోడియో కమిటీ పెద్దలారా, గడ్డి కోతలు ఆపుకుని వచ్చిన కెటిల్ ఫోర్క్ ఊరివాళ్ళారా,

ఎల్డన్ స్ట్రౌడ్ తాత మంగళవారం పొద్దున పోయాడు. ఎద్దుల మీద స్వారీ చేసే మన రోడియోకు ఇంకా పది రోజులున్నాయి. ఇరవై ఆరేళ్ళు ఈ మైదానంలో ఎద్దుల బోను గేట్లు తీసి, తర్వాత పదకొండేళ్ళు వాటి ముందు ఊరికే నిలబడిన మనిషి ఈసారి ఉండడు.

నేను మాట్లాడే మనిషిని కాను. లైబ్రరీలో పుస్తకం ఇచ్చేటప్పుడు గడువు తేదీ తప్ప ఏమీ చెప్పను. మీకు తెలుసు. ఈరోజు రెండు మాటలు చెబుతానని పెద్దమ్మను నేనే అడిగాను.

ఎద్దు మీద కూర్చున్నవాడు తల ఊపితే గేటు తెరవాలి. జనం అరుపుల్లో మాట ఎవరికి వినిపిస్తుంది? అందుకే మన దగ్గర తలే మాట. తాత అనేవాడు: "తల ఆడిందా, గేటు తియ్యి. ఆలోచిస్తూ నిలబడ్డావా, లోపల ఎద్దు వాణ్ణి చెక్కకేసి నలిపేస్తుంది."

ఆయన ఎంత జాగ్రత్త మనిషి? ఒక ఏడాది బయటి ఊరి కుర్రాడొకడు బబుల్‌గమ్ నములుతూ ఎద్దెక్కాడు. నమిలినప్పుడల్లా తల ఆడుతోంది. తాత గేటు గడియ మీంచి చెయ్యి తీసి, ఆ చెయ్యే వాడి నోటి ముందు పెట్టాడు. "ఒరేయ్, నెమరేసేది నువ్వా, ఎద్దా? ఇందులో ఉమ్మి, అప్పుడు కూర్చో." స్టాండులో కూర్చున్న జనమంతా నవ్వారు. వాడు ఉమ్మాడు. తాత దాన్ని జేబులో వేసుకుని గేటు తీశాడు. ఆయన భార్య, మన పెద్దమ్మ, ఆ ప్యాంటు ఉతకలేక పారేసిందట.

అలాంటి మనిషి మా అన్నయ్య గ్రేడీ విషయంలో పొరబడ్డాడని మనమందరం అన్నాం.

మూడో గేటు. పదకొండేళ్ళ కిందటి జూలై. అన్నయ్య ఎద్దెక్కి ఇంకా పగ్గం చేతికి చుట్టుకోలేదు. గేటు తెరుచుకుంది. రెండు సెకన్లు కూడా కాలేదు, ఎద్దు కాళ్ళ కింద పడి పోయాడు. వాడికి ఇరవై ఒకటి. కమిటీ ముందు తాత ఒక్క మాటే అన్నాడు: "తల ఊపాడనుకున్నా. తప్పు నాదే." బయట మనం ఏమన్నాం? "ముసలాడికి చూపు పోయింది," అన్నాం. ఆయనకు వినిపించేలాగే అన్నాం.

ఆ తర్వాత ఆయన ఏ గేటూ తీయలేదు. మూడో గేటును తాడుతో కట్టేశాడు. విప్పమని కమిటీ కూడా అడగలేదు. ప్రతి జూలైలో, అందులో ఎద్దు లేకపోయినా, గడియ మీద చెయ్యి వేసి నిలబడేవాడు. చలికాలంలో మా లైబ్రరీ కిటికీలోంచి చూసేదాన్ని. మంచులో గేటు దాకా ఒక వరుస అడుగులు, తిరిగి ఇంకో వరుస.

మూడేళ్ళ కింద ఆయన లైబ్రరీకి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అమ్మాయ్, నువ్వు ఆ రోజు బోను వెనకే ఉన్నావుగా. మీ అన్న తల ఆడిందా, ఆడలేదా? అదొక్కటే చెప్పు."

నేను చూడలేదన్నాను.

"సరేలే తల్లీ," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చి, "ఏదో ఒక పుస్తకం ఇవ్వు. ఊరికే వచ్చాననుకుంటారు," అన్నాడు. పక్షుల పుస్తకం ఇచ్చాను. గడువు రోజునే తెచ్చి ఇచ్చాడు.

అయ్యా, అమ్మా, నేను చూశాను.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. కాన్వెంటులో సిస్టర్లు ఇచ్చిన మేరీమాత పతకాన్ని ఆ పొద్దునే అన్నయ్య చొక్కా జేబు మీద కుట్టాను. ఎద్దెక్కాక ఒక్కసారి చూసుకోమన్నాను. "మీ సిస్టర్లంటే ఎద్దుకు భయమా ఏంటే?" అని నవ్వాడు. కానీ నా మాట తీసెయ్యలేదు. ఎక్కాడు. పతకం కోసం తల వంచాడు. గడియ చప్పుడైంది.

చెబితే తప్పు నాదవుతుందని చెప్పలేదు. పదమూడేళ్ళప్పుడు చెప్పలేదు సరే, ఇరవై ఒక్కేళ్ళప్పుడు, ఆ మనిషి టోపీ చేత పట్టుకుని నిలబడినప్పుడు ఎందుకు చెప్పలేదు?

అప్పటినుంచి ఎక్కడ తల వంచినా నాకు ఆ గడియ వినిపిస్తుంది. అందుకే చర్చిలో కూడా వంచను. "ఆ కాన్వెంటు పిల్లకు దేవుడి ముందు కూడా మెడ వంగదు," అని మీరనుకోవడం నాకు తెలుసు. పొగరు కాదండీ. భయం.

తాతా, తల ఆడింది. మీ కళ్ళు సరిగ్గానే చూశాయి. మూడేళ్ళు ఆలస్యంగా చెబుతున్నాను.

పెద్దమ్మా, మీరు సరేనంటే ఈ సభ అయ్యాక ఆ తాడు నేనే విప్పుతాను.

ఇప్పుడు అందరూ లేవండి. టోపీలు తీయండి. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడవద్దు. ముందుగా నేను తల వంచుతాను. చప్పుడు వస్తే, రానివ్వండి.